ఏడో ఉపయోగం

ఆ ఆదివారం ఉదయం ఆ ఇంట్లో చేయాల్సిన పనులు ఇవి. నిన్న తీసిన తేనెను రెండోసారి వడకట్టాలి. ఉడికించిన సీసాలను బోర్లించి ఆరబెట్టాలి. మైనం కరిగించిన గిన్నెను గీకాలి. లేబుళ్ళు అంటించాలి. ఒక్కో సీసా మెడకి ఒక్కో కాగితం మడిచి రబ్బరుబ్యాండుతో కట్టాలి. బల్ల కాళ్ళ కింద పెట్టిన గిన్నెల్లో నీళ్ళు మార్చాలి, లేకపోతే చీమలు పైకెక్కుతాయి. తండ్రికి తెచ్చిన షుగరు మాత్రలను ఏ పూటవి ఆ పూట గళ్ళ డబ్బాలో సర్దాలి.

ఆఖరి పని ఎప్పుడూ కూతురిదే. ఆ ఇంట్లో బడి దాటి చదివింది ఆమె ఒక్కతే. మందుల చదువు చదివి, గంట ప్రయాణం దూరంలో ఉన్న పెద్దాసుపత్రిలో మందుల కౌంటరు చూస్తోంది. ఆమె పట్టా అందుకున్న రోజునుంచి ఇంట్లో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ ఆమె డిగ్రీయే. వరసగా సెలవులు దొరక్క, నెల తర్వాత ఆ ఉదయమే ఇంటికి వచ్చింది.

"ఏమే డిగ్రీ, ఆ లేబులు వంకరగా అంటించావు. మీ కాలేజీలో ఇది నేర్పలేదా?" అన్నాడు అన్న, సీసాని కంటికెదురుగా పెట్టుకుని.

"నేర్పారు. వంకరవన్నీ అన్నల మొహాన కొట్టమన్నారు."

మామూలుగా అయితే ఈ మాటకి తల్లి నవ్వేది, ఇద్దరికీ చెరో మొట్టికాయ వేసేది. ఆ రోజు ఆమె తలెత్తలేదు. వంగి నేల తుడుస్తోంది. వచ్చిన రెండు గంటల్లో అది మూడోసారి.

"అమ్మా, ఇంటికి ఫినాయిలుతో తలంటు పోస్తున్నావేంటి?"

"చీమలు" అంది తల్లి, అంతే.

తండ్రి వెనకగదిలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఒక చెక్క చట్రం మీది మైనం గీకుతున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని పెట్టెల మావయ్య అంటారు. పండ్లతోటల్లో ఆయన తేనెపెట్టెలు నలభై దాకా ఉన్నాయి. తెల్లవారకముందే వెళ్ళి, ఏ పెట్టెలో రాణి డీలాపడిందో, ఏ పెట్టెకి చీడ పట్టిందో చప్పుడు విని చెప్పేవాడు. నలభై ఏళ్ళలో ఆదివారమని ఇంట్లో కూర్చున్న మనిషి కాదు.

"పెట్టెల దగ్గరికి వెళ్ళలేదేం నాన్నా?"

"నడుం పట్టేసింది. మీ అన్న చూస్తున్నాడులే. వాడికి కుట్టించుకోవడం అలవాటు కావాలిగా."

కూతురు నవ్వి, నీళ్ళు మార్చడానికి బల్ల కిందికి వంగింది. గిన్నెల దగ్గర ఒక్క చీమ కూడా లేదు. గుమ్మంలోంచి గోడవారగా వచ్చిన చీమల బారు, బల్లమీద అన్ని తేనె సీసాలుండగా వాటి జోలికే పోకుండా వెనకగదిలోకి సాగింది. ఆమె ఆ బారు వెంట చూపు పోనిచ్చింది. అది కుర్చీ దాకా వెళ్ళి, కుర్చీ కాలు ఎక్కకుండా తండ్రి చెప్పు ఎక్కి, ఆయన తొడుక్కున్న మేజోడులోకి పోతోంది.

"నాన్నా, ఆ మేజోడు తియ్యి."

"చలిగా ఉందమ్మా."

"ఎండలు మండిపోతుంటే చలేంటి? తియ్యి."

"మా అమ్మ పోయాక నన్ను గదమాయించేవాళ్ళు లేరనుకున్నా" అని నవ్వబోయాడు ఆయన. కూతురు అప్పటికే కింద కూర్చుని మేజోడు లాగేసింది.

లోపల తెల్లని గుడ్డకట్టు, శుభ్రంగా, సమంగా చుట్టి ఉంది. దాని మీద తేనె ఊరి పసుపుపచ్చగా మెరుస్తోంది. కట్టు విప్పుతుంటే, ఫినాయిలు ఇంతసేపూ దాచిన వాసన గదంతా కమ్మేసింది. బొటనవేలి పక్కవేలు నల్లబడిపోయింది. అరికాల్లో అర్ధరూపాయంత గుంట. పాదమంతా ఉబ్బి నున్నగా ఉంది.

"ఎన్నాళ్ళైంది?"

గుమ్మంలో నిలబడ్డ తల్లి చేతిలోని గుడ్డలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"పాత చట్రం మేకు గుచ్చుకుంది, అంతేనమ్మా. నొప్పి లేదు. ఒట్టు. ఒక్క పిసరు నొప్పి లేదు" అన్నాడు తండ్రి.

"నొప్పి తెలియకపోవడమే నాన్నా అసలు జబ్బు! షుగరు వల్ల కాలు మొద్దుబారిపోయింది. ఈ తేనె ఏంటి? ఎవరు పూయమన్నారు?"

"తినకూడదన్నారుగానీ పూసుకోకూడదని ఏ డాక్టరూ అనలేదుగా" అన్నాడు ఆయన. ఆ మాటకి ఎవరైనా నవ్వుతారేమోనని ముగ్గురి మొహాలూ చూశాడు.

కారు మాట్లాడుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి పదకొండైంది. కూతురు పనిచేసే ఆసుపత్రే అది. శస్త్రచికిత్స చేసే పెద్ద డాక్టరు ఆమెకి తెలిసినవాడు. రోజూ కౌంటరు దగ్గర ఆగి, "చీటీ చదవకుండానే మందు తీసే పిల్ల" అని మెచ్చుకుంటాడు. ఆయన పుండులోకి సన్నని కడ్డీ పోనిచ్చాడు. అది లోపల గట్టిగా దేనికో తగిలింది. తండ్రి మొహంలో చిన్న కదలిక కూడా లేదు.

"ఎముక" అన్నాడు డాక్టరు. "ఎన్ని రోజులు?"

"ఇరవై రెండు" అంది తల్లి. ఆమె లెక్కలో తడబాటు లేదు.

"తేనె పూయమని ఎవరు చెప్పారు?"

తండ్రి కూతురి వైపు చూడనైనా చూడలేదు. "ఎవరూ చెప్పలేదు డాక్టరుగారూ. తేనె పట్టేవాణ్ణి కదా, నా పిచ్చి నాది."

కూతురు నోరు తెరిచింది. డాక్టరు పక్కన తనతో కలిసి పనిచేసే నర్సులిద్దరున్నారు. తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

"తేనెతో కట్టే కట్లు మా దగ్గరా ఉన్నాయి పెద్దాయనా. కానీ అది శుద్ధి చేసిన తేనె. పుండు ఎంత లోతో, కాలికి రక్తం ఆడుతోందో లేదో చూసుకుని కడతాం. మీ కాలికి రక్తమే సరిగ్గా అందడం లేదు. పైన తేనె మెరుస్తుంటే అడుగున చీము ఎముక దాకా దిగింది. మొదటివారంలో వచ్చుంటే వేలితో పోయేది." అని డాక్టరు కడ్డీ పక్కన పెట్టాడు. "మోకాలి కిందికి తీసెయ్యాలి. మూడింటికి చేస్తాను. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు."

తండ్రి తలూపాడు. అది ఎవరి కాలి సంగతో అన్నట్టు, "పెట్టెలు తోటలో ఎత్తు గట్టు మీద ఉన్నాయి" అన్నాడు నెమ్మదిగా.

నడవలోకి రాగానే కూతురు తల్లి మీద విరుచుకుపడింది.

"ఇరవై రెండు రోజులు! రోజూ ఫోన్లో మాట్లాడావు కదా! తిన్నావా, పడుకున్నావా, జలుబు తగ్గిందా, అన్నీ అడిగావు. నాన్న కాలు కుళ్ళిపోతోందని ఒక్క ముక్క చెప్పలేకపోయావా? చదువూ సంధ్యా లేకపోతే పోనీ, కళ్ళు కూడా లేవా నీకు? ముక్కు లేదా?"

"ఏయ్, మెల్లిగా" అన్నాడు అన్న.

"ఫినాయిలు పోసి కడిగింది అన్నయ్యా! వాసన నాకు తెలియకూడదని ఇల్లు కడిగింది! చేతులారా ఆయన కాలు తీయించింది!"

తల్లి బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. ఆమె గొంతు పెరగలేదు.

"నాకు చదువు రాదు. నిజమే. మీ నాన్నకి కూడబలుక్కుని చదవడం వచ్చు. నువ్వు రాసిన కాయితం ఎన్నిసార్లు చదివించుకున్నానో తెలుసా? ఒకటి, దగ్గుకి గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు తేనె. రెండు, గొంతు మంటకి అల్లంరసంతో. మూడు, పెదాలు పగిలితే పడుకునేముందు. నాలుగు, మొహం మెరవడానికి. అయిదు, నిద్ర పట్టనివాళ్ళకి పాలల్లో. ఆరు, వంటింట్లో వేలు కాలితే. ఏడు..."

"అమ్మా."

"ఏడు. పుళ్ళకీ గాయాలకీ తేనె పూసి శుభ్రమైన గుడ్డ కట్టి, రోజుకి రెండుసార్లు మార్చాలి. ఎలాంటి మొండి పుండైనా మానుతుంది. శుభ్రమైన గుడ్డ అన్నావు. నీళ్ళలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి కట్టాను. రెండుసార్లు మార్చమన్నావు. ఒక్కపూట తప్పలేదు. నేనెక్కడ తప్పానో చెప్పు. చదువుకున్నదానివి కదా, చెప్పు."

ఆ కాగితం రాసినప్పుడు కూతురికి పందొమ్మిదేళ్ళు. సీసాలకి కట్టడానికి ఏదైనా రాసిపెట్టమని అన్న అడిగితే, ఒక వారపత్రికా రెండు పాఠ్యపుస్తకాలూ ముందేసుకుని, హాస్టలు మంచం మీద ఒక్క మధ్యాహ్నంలో పన్నెండు ఉపయోగాలు రాసింది. 'ఎలాంటి మొండి పుండైనా' అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. మిగతావాటి పక్కన ఆ వాక్యం బోసిగా ఉందనిపించి తానే చేర్చింది.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?" అంది చివరికి, గొంతు తగ్గించి.

"చెబుదామన్నాను. ఆయనే వద్దన్నాడు. మానాక చూపిద్దాం, దాని ఏడో నంబరు నా కాలిమీదే రుజువైందంటే పిల్ల ఎంత సంబరపడుతుందో అన్నాడు. ఈ నాలుగురోజులుగా వాసన పట్టలేక నేను ఏడుస్తుంటే, దానికి చెబితే తను రాసింది తప్పని బెంగపడుతుందేమో, ఇంకో వారం చూద్దాం అన్నాడు. అందుకే కడిగాను. నీకు తెలియకూడదనే కడిగాను."

తట్టుకోలేక కూతురు అన్న మీదికి తిరిగింది. "పోయినేడు నీకు చెప్పాను కదా! ఆ ఏడోది తీసేద్దాం, షుగరున్నవాళ్ళకి ప్రమాదం అని చెప్పానా లేదా?"

అన్న తల దించుకున్నాడు. "అన్నావు. సగం సీసాలు ఆ ఏడో నంబరు మీదే పోతున్నాయే అన్నాను. నువ్వూ నవ్వేసి ఊరుకున్నావుగా."

తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అంటే నీకు తెలుసు" అంది కూతురితో. "తెలిసి నవ్వావు."

కూతురు మొహం తుడుచుకోకుండానే వార్డులోకి వెళ్ళింది. డాక్టరు తండ్రి మోకాలి కింద నల్లసిరాతో గీత గీస్తున్నాడు.

"డాక్టరుగారూ, మా నాన్న ఇందాక అబద్ధం చెప్పారు. పూయమని రాసింది నేను. మా సీసాలకి కట్టే కాగితంలో నేనే రాశాను. తప్పని తెలిశాక కూడా దిద్దలేదు."

డాక్టరు చెయ్యి ఆగింది. ఒక నర్సు మరో నర్సు వైపు చూసింది. ఆయన గీత పూర్తిచేసి, సిరాకలం మూత పెట్టి, ఆపరేషను అంగీకారపత్రం ఆమె ముందుకి చాచి, "ఇక్కడ సంతకం చెయ్యి" అన్నాడు. ఆ తర్వాత ఎన్నో నెలలు ఆయన కౌంటరు దగ్గర ఆగలేదు.

"నిన్నెవరు చెప్పమన్నారే? ఉద్యోగం చేసుకునే చోట!" తండ్రికి నిజంగా కోపం వచ్చింది. ఆ రోజంతటిలో ఆయనకి కోపం వచ్చింది అప్పుడే.

"నాన్నా, నన్ను క్షమించు."

"ఊరుకో. నువ్వు ఏడిస్తే కాలు మొలుస్తుందా? ఇలా విను." ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వెనకవీధి కుట్టుమిషను పిన్ని ఉంది చూడు. ఆవిడకీ షుగరే. మడమ పగిలి పుండైందంటే, పోయినవారం నేనే కాయితం చదివి వినిపించి సీసా ఇచ్చాను. మా అమ్మాయి రాసింది, కళ్ళు మూసుకుని పూయండి అన్నాను. నా సంగతి డాక్టరు చూస్తాడు. నువ్వు ముందు అక్కడికి వెళ్ళు."

"ఆపరేషను మూడింటికి నాన్నా. నేను నీ దగ్గరుంటాను. అన్నయ్య ఫోను చేస్తాడు."

అన్న అక్కడే నిలబడి ఫోను చేశాడు. అవతలి గొంతు వార్డంతా వినిపించింది. "మీ నాన్న పుణ్యాన బాగానే ఉంది బాబూ. అసలు నొప్పే లేదు."

నొప్పే లేదు అన్న మాట వినగానే కూతురు లేచి నిలబడింది. తండ్రి ఆమె చెయ్యి వదిలేశాడు.

ఆమె వెళ్ళేసరికి మూడు దాటింది. కుట్టుమిషను పిన్ని ముందుగదిలో ఎవరిదో పిల్లల గౌను కుడుతోంది. ఒక్క కాలితోనే తొక్కుతోంది. కట్టున్న కాలు పీట మీద చాపి ఉంది. ఆసుపత్రికి రమ్మంటే వింతగా చూసింది.

"ఎందుకమ్మా? నీ మందే వేసుకుంటున్నానుగా."

"అది మందు కాదు పిన్నీ. నేను తప్పు రాశాను."

"నువ్వు చదువుకున్నదానివి కదా. తప్పెలా రాస్తావు?" అని నవ్వింది ఆవిడ. ఆ నవ్వులో ఎగతాళి లేదు, నమ్మకమే ఉంది. దాన్ని భరించడం తల్లి చూపుని భరించడం కంటే కష్టమైంది.

"చదువుకున్నవాళ్ళూ రాస్తారు. తెలియక రాశాను. తెలిశాక, అమ్ముడుపోతోంది కదాని ఊరుకున్నాను. మా నాన్న కూడా అదే పూసుకున్నాడు. ఈపాటికి ఆయన కాలు తీస్తుంటారు పిన్నీ. నేనక్కడ ఉండాల్సినదాన్ని. నిన్ను తీసుకురమ్మని ఆయనే పంపాడు."

మిషను ఆగింది. ఆవిడ గౌనుకి దారం తెంపింది, సూది దిండుకి గుచ్చింది, ఇంకేం అడగకుండా లేచింది. చివరికి ఆవిడకి ఒక వేలు పోయింది. పాదం దక్కింది.

కూతురు తిరిగి పైకి వచ్చేసరికి అయిదు దాటింది. తండ్రిని అప్పటికే వార్డులోకి మార్చారు. దుప్పటి ఒకవైపు మోకాలి తర్వాత పరుపుకి అతుక్కుపోయి ఉంది. బయట బెంచీ మీద తల్లి ఒంటరిగా కూర్చుని ఉంది. కూతుర్ని చూసి పక్కనున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నా కోపం పోయిందనుకోకు. కూర్చో."

కూర్చుంది.

"ఆవిడ?"

"చేర్చాను. డాక్టరు చూశాడు. పాదానికి భయం లేదన్నాడు."

"హమ్మయ్య" అంది తల్లి, అని ఏడవడం మొదలుపెట్టింది. ఉదయంనుంచి ఆమె కంట నీరు రావడం అదే మొదలు. "మెలకువ రాగానే నిన్నే అడిగాడు. వెళ్ళిందా అన్నాడు. వెళ్ళింది అంటే మళ్ళీ పడుకున్నాడు."

కూతురికి అప్పుడు తెలిసింది. తేనె సంగతి వాళ్ళిద్దరికీ తనకంటే వందరెట్లు ఎక్కువ తెలుసు. తనకి ఊహ తెలిశాక ఆయన తేనెని కాలిన వేలికి తప్ప పుండుకి పూయగా తానెప్పుడూ చూడలేదు. అంతటి అనుభవాన్ని, తన పందొమ్మిదేళ్ళ రాత ఒకటి చూసి పక్కన పెట్టేశారు. కన్నబిడ్డ రాసింది కాబట్టి, కాలు నల్లబడుతున్నా ఆ రాతనే పట్టుకున్నారు. ఆమె తల్లి భుజం మీద తల ఆన్చింది. తల్లి తోసెయ్యలేదు, దగ్గరికి తీసుకోనూ లేదు. అలాగే ఉండనిచ్చింది.

ఆ మరుసటివారం అన్నాచెల్లెళ్ళు తమ తేనె కొట్లో మిగిలిన కాగితాలన్నీ తగలబెట్టారు. గుర్తున్న ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పారు. గుర్తులేని ఇళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. ఆ తెలియనితనం కూతురి మనసులో ఇప్పటికీ అలాగే ఉంది.

తండ్రి మళ్ళీ గట్టు ఎక్కలేదు. పెట్టెలు కొడుకు చేతికి వెళ్ళాయి. ఆయన కొట్లో ఒక స్టూలు వేసుకుని కూర్చునేవాడు. సీసా కోసం ఎవరు వచ్చినా చేతికివ్వకుండా ముందు ఒకటే అడిగేవాడు. "మీ ఇంట్లో షుగరున్నవాళ్ళు ఉన్నారా? ఏడాది నిండని పిల్లలున్నారా?" ఉన్నారంటే, పసిపిల్లలకి తేనె ప్రమాదమనీ, చుక్క కూడా నాకించవద్దనీ, షుగరు మనిషి కాలికి చిన్న గీత పడినా డాక్టరు దగ్గరికే వెళ్ళమనీ చెప్పేవాడు. నమ్మనివాళ్ళకి పంచె మడిచి చూపించేవాడు. కొందరు జడుసుకుని కొనకుండానే పోయేవారు.

"నాన్నా, ఇలాగైతే అమ్మినట్టే" అని విసుక్కునేవాడు కొడుకు.

"అమ్ముడుపోని తేనె చెడిపోదురా. మనిషి కాలు చెడిపోతుంది" అనేవాడు ఆయన.

మూడేళ్ళు అలా అడిగాడు. పోయిన ఏడాది ఒక ఉదయం, ఎవరినో ఆ ప్రశ్న అడుగుతూనే స్టూలు మీద ఒరిగిపోయాడు.

ఇది చదివిన మీ ఇంట్లోనూ తేనె సీసా ఒకటి ఉండే ఉంటుంది. దగ్గుకి తాగండి, పెదాలకి రాసుకోండి. కానీ మూత తీసిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆ పెట్టెల మావయ్యని గుర్తు చేసుకోండి. ఆయన బదులు మీరే అడగండి, ఇంట్లో ఎవరి కాలికైనా నొప్పి తెలియని పుండు ఉందేమో. వాళ్ళు లేదన్నా సరే, ఒకసారి వంగి చూడండి.